ఆషాఢంలో పరకాయప్రవేశం

మా అమ్మ లలితాంబ గోదావరిఖనిలో పెళ్ళిసంబంధాలు కుదురుస్తుంది. నేను ఆవిడకి ఒక్కగానొక్క కూతుర్ని, నా సంబంధం నేనే కుదుర్చుకున్నాను. "మిఠాయికొట్టు వాడి పిల్ల పక్కకొట్టుకెళ్ళి జిలేబీ కొనుక్కున్నట్టుంది," అన్నారు మా నాన్న కామేశ్వరరావు అప్పట్లో. పవర్ ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి, అంతకంటే పెద్దమాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. అమ్మ అదీ అనలేదు.

అనకపోవడానికి కారణం ఉంది. మేం పెద్దపల్లి రిజిస్ట్రారాఫీసులో పూలదండలు ఒళ్ళో పెట్టుకుని పొద్దుటినుంచీ కూర్చుంటే, ఆ ఆఫీసరు తీరిగ్గా భోంచేసొచ్చి అప్పుడు మా పేర్లు పిలిచాడు. గురువారం, మధ్యాహ్నం రెండు గంటలు. అంటే నిండు రాహుకాలం. అమ్మ చటుక్కున లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. సంతకాలయ్యాక వెళ్ళి చూస్తే గోడవైపు తిరిగి నిలబడి ఉంది. "అయిందా? పదండి, ఆకలేస్తోంది," అంది. అంతే.

ఆ రోజునుంచీ మా ఆయన ఆవిడకి "రఘుపతి గారు" అయిపోయాడు. ఎప్పుడెళ్ళినా "మీరు కాఫీ తీసుకుంటారా?" అని అడిగి మరీ కప్పూ సాసరూ తెస్తుంది. మా పుట్టింట్లో సొంతమనుషులకి స్టీలు గ్లాసు, బయటివాళ్ళకి కప్పూ సాసరూ. తొమ్మిదేళ్ళుగా మా ఆయన కప్పులోనే తాగుతున్నాడు.

"మీ అమ్మ నాకిచ్చే ఇజ్జత్ చూస్తుంటె, ఇగ మళ్ల రాకు అన్నట్టే ఉంటది," అనేవాడు రఘు ఇంటికొచ్చి.

ఇది ఆ కప్పు కథే. కాకపోతే మధ్యలో ఒక కంప్యూటరు అడ్డొస్తుంది.

రఘు హైదరాబాదులో కంపెనీ ఉద్యోగం మానేసి వచ్చి, చౌరస్తా దగ్గర చిన్న షాపు పెట్టుకున్నాడు. స్కూళ్ళలో, ఆసుపత్రుల్లో పాత సర్వర్లుంటాయి కదా, ఎప్పుడు గుటుక్కుమంటాయో తెలియనివి. వాటి లోపల ఉన్నదాన్ని ఉన్నట్టుగా, ఫైళ్ళూ ప్రోగ్రాములూ అలవాట్లూ చాదస్తాలతో సహా ఎత్తి, కొత్త మెషీన్లో పెట్టడం అతని పని. పాత పెట్టె ఇనపసామాను వాడికి పోతుంది. అందులో ఉన్న కంప్యూటరు మాత్రం తనకేమీ కానట్టు కొత్త పెట్టెలో బతికేస్తూ ఉంటుంది. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారట. బీయస్సీ ఫిజిక్సు చదివిన నాకు ఇది తలకెక్కడానికి ఒక పూట పట్టింది. మా అత్తమ్మ ఐలవ్వకి ఒక్క నిమిషం చాలింది.

"గంటే, పానం దీసి ఇంకో పెయ్యిల వెట్టుడన్నట్టు," అంది.

"అదే అవ్వా," అన్నాడు రఘు.

"మరి పాతదానికి దినాలు చెయ్యాల్నా?"

పరకాయప్రవేశం చేసేవాళ్ళెవరూ ఆ సంగతి ఆలోచించినట్టు లేదు.

అలాంటి పాత సర్వరొకటి మా అమ్మ ముందుగదిలో ఉంది. ఎవరో అమ్మేస్తుంటే కొన్నది. ఖని నుంచి బసంత్‌నగర్ దాకా పెళ్ళీడుకొచ్చిన ప్రతి మనిషి ఎత్తూ, రంగూ, నక్షత్రమూ, ఉద్యోగమూ దాని పొట్టలో ఉన్నాయి. పేరు నమోదు చేయగానే అది ఒక చీటీ అచ్చువేసి ఇస్తుంది. దానిమీద నమోదు చేసిన తేదీ, సమయం ఉంటాయి. ఆ చీటీ పట్టుకుని తిన్నగా పంతులు దగ్గరికెళ్ళి 'ఈ గడియ మంచిదేనా' అని అడిగేవాళ్ళు సగం మంది. ప్రోగ్రాం రాసిచ్చిన కరీంనగర్ కుర్రాడు దుబాయి వెళ్ళిపోయాడు, ఫోన్ నంబరు కూడా మిగల్లేదు. కాబట్టి మళ్ళీ కొత్తగా పెట్టుకుందామంటే కుదరదు. పోనీ ఆపి చూద్దామా అంటే, అప్పుడెప్పుడో కరెంటు పోయి ఆగిపోయినప్పుడు అది మళ్ళీ లేవడానికి ఒక పూటా, ఒక కొబ్బరికాయా పట్టాయి. అప్పట్నుంచీ దాన్ని ఆపే ధైర్యం ఎవరికీ లేదు. పిండిమర పక్కింట్లో ఉన్నట్టు పగలూ రాత్రీ రొద పెడుతూనే ఉంటుంది.

ఆ వేసవి చివర్లో రొదకి తోడు కూతలు కూడా మొదలుపెట్టింది. అమ్మ నాకు ఫోన్ చేసింది. "రఘుపతి గారికి తీరికుంటే ఒకసారి చూస్తారేమో అడుగు." రఘు నా పక్కనే కూర్చుని అన్నం తింటున్నాడు. చెయ్యి కడుక్కొచ్చి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

చూసొచ్చి, "డిస్కు పోయేటట్టున్నది. ఆషాఢంలనే ఎత్తెయ్యాలె," అన్నాడు.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. మూడుముళ్ళ పనివాళ్ళకి అదొక్కటే మరమ్మతుల నెల. శ్రావణం వచ్చిందంటే అమ్మ గదిలో కూర్చోడానికి కుర్చీ ఉండదు. ఆలోగా అయిపోవాలి.

అయిపోవాల్సిన అవసరం మాకూ ఉంది. ఖనిలో ఒక ప్రైవేటు కాలేజీవాళ్ళు, ఒక స్కానింగు సెంటరువాళ్ళు తమ సర్వర్ల సంగతి మాట్లాడుతూ, "ముందుగాల మీ అత్తది చెయ్యిరాదు, అది నడిస్తె మాది ఇస్తం," అని కూర్చున్నారు. షాపు అంతంతమాత్రంగా నడుస్తోంది. పాత కంపెనీలోని సంపత్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. "జాగ ఖాళీ ఉన్నదన్నా. ఆషాఢం వెళ్ళేలోపు అవునంటవా, కాదంటవా?" అమ్మ కంప్యూటరు లేస్తే మేం ఇక్కడ ఉంటాం, లేవకపోతే సామాను సర్దుకుని హైదరాబాదు పోతాం. మా ఇంట్లో ఎవరూ ఈ మాట ఇంత స్పష్టంగా అనలేదు, కానీ అందరికీ తెలుసు. నాకు హైదరాబాదు మీద కోపమేం లేదు. కాకపోతే ఇక్కడ మా ఆయన మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తాడు. అత్తమ్మ నా పచ్చిపులుసుకి వంకపెట్టడానికి మూడు వీధులు నడిచొస్తుంది. ఈ వయసులో కొత్తగా వంకలు పెట్టేవాళ్ళని నేనెక్కడ వెతుక్కోను?

రఘు ఒక నల్లటి కొత్త పెట్టె తెచ్చి పాతదాని పక్కన పెట్టాడు. రెంటికీ మధ్య వైరు కట్టాడు. పాతదానికి ఒంట్లో ఓపిక లేదు కనక కాపీ అవడానికి ఒక రాత్రీ, మర్నాడు పగలూ పడుతుందన్నాడు. ఈలోగా అమ్మ తన పని తాను చేసుకోవచ్చు, మెషీను ఆపక్కర్లేదు, ఆపకూడదు.

మొదటిసారి రాత్రంతా చక్కగా నడిచి, మంగళవారం మధ్యాహ్నం చాయ్ వేళకి ఆగిపోయింది. తెరమీద ఎర్రగీత.

"పర్వాలేదండీ, మీరు మాత్రం ఏం చేస్తారు?" అంది అమ్మ. కప్పూ సాసరూ.

రఘు వైరు మార్చాడు. ఈసారి బుధవారం భోజనాలవేళ ఆగింది. బ్లోయరు తెచ్చి గాలి కొట్టాడు. దాని సందుల్లోంచి ఎంత బొగ్గుపొడి లేచిందంటే, మా నాన్న పేపరు పక్కకి తప్పించి, "ఇది అండర్‌గ్రౌండు గనా, ఓపెన్‌కాస్టా?" అని అడిగారు.

ఆ తర్వాతి ప్రయత్నం రోజున కుంభవృష్టి. వీధిలో కుక్క కూడా కదల్లేదు. సాయంత్రానికి కాపీ చివరిదాకా వెళ్ళింది. రఘు కొత్తదాన్ని లేపాడు. అది లేచి, తెర నిండా నీలంరంగు పులుముకుని, పడిపోయింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. నాకు ఏడుపొచ్చింది. రఘు మాత్రం ఆ వారంలో మొదటిసారి నవ్వాడు.

"ఇది నాకెరుకున్న రోగమే. పాతదానికి తన డిస్కు ఒక్కటే తెలుసు. కొత్త పెయ్యిల డిస్కు వేరే తీరుగుంటది, గుర్తువట్టక భయపడ్తున్నది. ముందుగాల్నే దాని సంగతి చెప్పిపెట్టాలె, అంతే." డ్రైవరనే ఏదో చిన్న ప్రోగ్రాం పాతదానిలోనే ముందు పెట్టి, మళ్ళీ మొదటినుంచి కాపీ మొదలుపెట్టాడు.

అది శుక్రవారం టిఫిన్లయ్యాక ఆగింది. పర్వాలేదండీ, కప్పూ సాసరూ.

ఊళ్ళో మాట పాకింది. కూరగాయల మార్కెట్లో బెండకాయలు ఏరుకుంటుంటే సారవ్వ, తక్కెడ పట్టుకునే, "ఏంది బిడ్డా, మీ ఆయన మీ అమ్మోళ్ల మిషిని ఖరాబు చేసిండట గద?" అని అడిగింది. ఖరాబు కాలేదు, ఆషాఢం కదా, పుట్టింట్లో ఉంది అన్నాను. ఆమె తల ఊపి ఒక బెండకాయ ఎక్కువేసింది.

ఒక సాయంత్రం రఘు, మెషీను తనకి తాను రాసుకునే లాగ్ ఫైలు తెరిచి చాలాసేపు చూశాడు. నేను వెనకనుంచి వచ్చి, "ఏమైనా దొరికిందా?" అంటే, "ఏం లేదు," అని ల్యాప్‌టాప్ మూసేశాడు. మూసిన తీరు ఏమీ లేనివాడు మూసినట్టు లేదు. మర్నాడు అమ్మని అడిగాడు. "అత్తమ్మా, రెండు దినాలు ఎవ్వర్ని రానియ్యకుండ బంద్ పెడ్తరా?"

"అయ్యో, శ్రావణానికి సంబంధాలు చూసుకునేది ఇప్పుడే కదండీ. షిఫ్టు దిగి అటునుంచటే వస్తారు పాపం. గుమ్మంలోకొచ్చినవాళ్ళని ఎలా పొమ్మంటాను?"

"అవునవును," అన్నాడు రఘు, అక్కడితో వదిలేశాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర, "సంపత్‌కు హా అని చెప్తె అయిపోతది," అన్నాడు.

నేను పప్పు వడ్డిస్తున్నదాన్ని గరిటె ఆపాను. "అసలు అది ఎప్పుడెప్పుడు ఆగుతోంది?"

"మంగళవారం చాయ్ టైముల. బుధవారం బువ్వ టైముల. శుక్రవారం టిఫిన్లయినంక." కంచంలోకి చూస్తూ, ఒక్కో వారం నొక్కి నొక్కి చెప్పాడు. "వానపడ్డనాడు ఆగలే."

ఆ వేళలు నేను పుట్టినప్పటినుంచీ ఎరుగుదును. మంగళవారం సాయంత్రం ట్యూషనుకి వెళ్ళాలంటే అమ్మ నన్ను మూడులోపే గడప దాటించి అరుగుమీద కూర్చోబెట్టేది. బుధవారం మిట్టమధ్యాహ్నం మా ఇంట్లో కొత్త చీర మడత కూడా విప్పరు. రాహువు వచ్చి వైరు కొరుకుతున్నాడంటే ఫిజిక్సు చదివినదాన్ని, నమ్మను. కానీ రాహువు సంగతి నాకు అంతగా తెలియకపోయినా, మా అమ్మ సంగతి తెలుసు.

మళ్ళీ మంగళవారం వచ్చింది. ముందురోజు రాత్రే రఘు మరోసారి కాపీ మొదలుపెట్టి, పొద్దున షాపుకి వెళ్ళిపోయాడు. నేను గోరింటాకు వంకతో అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆషాఢంలో ఆ వంకకి తిరుగులేదు. భోజనాలయ్యాక అమ్మ నా రెండుచేతులకీ నిండా పెట్టి, టోపీలు తొడిగి, ముందుగదిలో కుర్చీలో కూర్చోబెట్టింది. చేతులు చాపుకుని కూర్చున్న ఆడదాన్ని ఎవరూ మనిషికింద లెక్కెయ్యరు. ఏదైనా కనిపెట్టాలంటే అంతకంటే మంచి పద్ధతి లేదు.

మూడు దాటాక ఎల్లన్న వచ్చాడు. గనిలో ఫస్టు షిఫ్టు దిగి సరాసరి వచ్చినట్టున్నాడు, స్నానమైతే చేశాడు గానీ కనురెప్పల అంచున బొగ్గు కాటుకలా ఇంకా ఉంది.

"అమ్మా, మా సహస్ర పేరు రాయాలె. నర్సింగు అయిపోయింది బిడ్డది. మళ్ల రేపట్నుంచి షిఫ్టు మారుతది, అందుకే ఉరికొచ్చిన."

"కూర్చో నాయనా," అంది అమ్మ. గోడమీది పంచాంగం క్యాలెండరు చూసింది. ఎల్లన్నని చూసింది. అతను అప్పటికే కుర్చీలో సగం నిద్రపోతున్నాడు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని, మౌసు పట్టుకుని, తెర అడుగున మూలకి తీసుకెళ్ళి టకటకా ఏదో నొక్కింది. అక్కడ మూడూ ఇరవై ఉన్న గడియారం రెండున్నర అయింది. అంత చులాగ్గా మా ఇంటర్ రిజల్టు కూడా మారి ఉంటే బాగుండేది.

సహస్ర పేరు నమోదైంది. చీటీ వచ్చింది. ఎల్లన్న దాన్ని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పక్కన నల్లపెట్టె తెరమీద ఎర్రగీత వచ్చింది.

"అమ్మా, ఇప్పుడేం చేశావు?"

"ఏం చేశాను?"

"గడియారం."

అమ్మ వెళ్ళి తలుపు దగ్గరగా వేసొచ్చింది. "గట్టిగా అరవకు. రాహుకాలంలో పేరు రాస్తే, రేపు ఆ పిల్ల కాపురంలో నలకపడ్డా ఆ చీటీ తెచ్చి నా మొహాన పెడతారు. పోనీ గంటన్నర కూర్చోమందామా అంటే, తెల్లారకుండా గనిలో దిగి పైకొచ్చినవాడు. షిఫ్టు రాహుకాలం చూసి వదలరు కదే! అందుకని గడియారాన్నే కాసేపు పక్కన కూర్చోమంటాను. తర్వాత సరిచేస్తాగా."

"ఎప్పుడూ సరిచేస్తావా?"

"గుర్తుంటే."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఇది మనింటికొచ్చినప్పట్నుంచీ. దానికీ అలవాటైపోయింది."

నేను నవ్వు ఆపుకోలేక, చేతులు అడ్డుపెట్టుకోడానికీ లేక అవస్థపడ్డాను. "రఘుకి తెలుసా ఇది?"

"బాబోయ్, చెప్పకు! చదువుకున్నవారు, ఏమనుకుంటారు? అసలే ఆవేళ నేను వరండాలో నిలబడ్డానని మనసులో పెట్టుకునే ఉంటారు."

"అతనేం పెట్టుకోలేదమ్మా."

"నీ మొహం. తొమ్మిదేళ్ళయింది, ఎప్పుడొచ్చినా ఇస్త్రీ చొక్కాలోనే వస్తారు. సొంతింటికొచ్చేవాడు ఎవడైనా ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడా?"

కప్పూ సాసరూ సంగతి నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. బదులుగా రఘు ఎప్పుడో చెప్పిన ముక్క చెప్పాను: కాపీ అవుతున్నంతసేపూ పాతదీ కొత్తదీ టైము చూసుకునే ఒకదాన్నొకటి గుర్తుపడతాయట. ఉన్నట్టుండి ఒకదాని టైము మారిపోతే, ఇదెవరో దొంగ అనుకుని రెండోది తలుపేసుకుంటుందట.

అమ్మ ఎర్రగీతకేసి చూసింది. చీరచెంగుతో తెర తుడిచింది, అక్కడ దుమ్మేమీ లేదు.

"అయితే ఇన్నాళ్ళూ ఆ అబ్బాయి ఊళ్ళో మాటపడింది…"



అమ్మ లోపలిగదివైపు తిరిగి, "ఏమండీ, మనం ధర్మపురి వెళ్ళి ఎన్నాళ్ళయిందండీ?" అంది.

"ఉగాదికేగా వెళ్ళాం," అన్నారు నాన్న.

"మళ్ళీ వెళదాం. శుక్రవారం. చీకటితోనే బయల్దేరి, దీపాలవేళకి వద్దాం."

ఇంటికొచ్చి రఘుకి చెప్పాను. అమ్మావాళ్ళకి ఉన్నట్టుండి నరసింహస్వామి మీద మనసు పుట్టిందనీ, శుక్రవారం ఇల్లు ఖాళీ అనీ, గురువారం రాత్రి మొదలుపెట్టుకోవచ్చనీ. అతను నా మొహం చూశాడు, చేతులు చూశాడు.

"మంచిగ పండినయి," అన్నాడు. ఇంకేం అడగలేదు.

శుక్రవారం పొద్దున గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసి అత్తమ్మని కూర్చోబెట్టాను. కారణం చెప్పలేదు, ఎవరినీ లోపలికి రానివ్వొద్దని మాత్రం చెప్పాను. ఆవిడకి కారణాలతో పనిలేదు, అధికారమిస్తే చాలు. వక్కాకు సంచి ఒళ్ళో పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ ఒకటే పాఠం: "వదినె ఊర్ల లేదు. లోపట మిషినికి పానం వోస్తున్నరు. సప్పుడు చెయ్యకుండ పోయి రేపు రాండ్రి." ఒకాయన, లోపల ఎవరికో బాలేదనుకుని, చెప్పులు విడిచి దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు.

టిఫిన్లయ్యాయి. రాహుకాలం మొదలైంది. రఘు తెర ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను వంటింట్లో ఉల్లిపాయలు అక్కర్లేనంత సన్నగా తరిగాను. ఇద్దరం ఏమీ ఎరగనట్టే ఉన్నాం. గీత పచ్చగా, మెల్లగా, బొగ్గు గూడ్సులాగా జరిగింది. పన్నెండు దాటాక రఘు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం గుమ్మంలోంచి చూశాను.

పొద్దువాలేవేళకి చివరికొచ్చింది. కొత్తదాన్ని లేపాడు. నేను నీలంరంగు కోసం భయపడుతూ నిలబడ్డాను. రాలేదు. అమ్మ పెట్టుకున్న తామరపువ్వు బొమ్మ వచ్చింది, దానిమీద అవే పాత అడ్డదిడ్డపు గుర్తులు, అదే కరీంనగర్ కుర్రాడి ప్రోగ్రాము. రఘు 'సహస్ర' అని వెతికాడు. పిల్ల పేరూ, ఎత్తూ, నక్షత్రమూ వచ్చి నిలబడ్డాయి.

"అయింది. చాయ్ వెడ్తవా?" అన్నాడు.

అమ్మావాళ్ళు ప్రసాదంతో దిగారు. అమ్మ గుమ్మంలోనే నిలబడి, "అయిందా?" అంది. ఆ మాట ఆ గొంతుతో నేను ఇంతకుముందు ఒక్కసారే విన్నాను. ఈసారి గోడవైపు తిరిగి లేదు.

ఇక పాతదాన్ని ఆపాలి. అమ్మ క్యాలెండరు చూసి, దానికి బొట్టుపెట్టి, హారతిచ్చి, అప్పుడు పక్కకి తప్పుకుంది. రఘు మీట నొక్కాడు. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఇన్నేళ్ళూ మా ఇంట్లో ఫ్యానుకి చప్పుడుందని నాకు తెలియదు. నాన్న లోపలిగదిలోంచి కంగారుగా వచ్చి, "ఎవరు పోయారు?" అన్నారు.

"దినాలెప్పుడు చేద్దాం వదినె?" అంది అత్తమ్మ, ప్రసాదం చెయ్యి చాపుతూ.

రఘు వరండాలోకి వెళ్ళి సంపత్‌కి ఫోన్ చేశాడు. "లేదు తమ్మీ, రాను. ఇక్కడ పనున్నది," అనడం వినిపించింది. నేను లోపలికెళ్ళి తరిగిన ఉల్లిపాయలన్నిటికీ సరిపడా శనగపిండి కలిపాను.

కథ ఇక్కడికి అయిపోయిందనే అనుకున్నాను. శ్రావణం మొదటి మంగళవారం మధ్యాహ్నం అమ్మ ఫోన్. గొంతు తగ్గించి, దొంగబంగారం అమ్మేవాళ్ళలా మాట్లాడుతోంది.

"విద్యా, ఇది మాట వినట్లేదే! వెనక్కి జరిపితే చూస్తూండగానే మళ్ళీ ముందుకొచ్చేస్తోంది. ముగ్గురు కూర్చుని ఉన్నారు, నాకు చెమటలు పట్టేస్తున్నాయి."

పాత మెషీను తన టైము తానే చూసుకునేది, ఎవరేం చెబితే అది నమ్మేది. ఈ కొత్తదానికి కిందనున్న పెట్టె క్షణక్షణం సరైన టైము అందిస్తూ ఉంటుంది, ఎవరు మార్చినా దిద్దేస్తుంది. నేను చెప్పులేసుకుని పరుగెత్తాను. దారంతా రఘుకి ఏం అబద్ధం చెప్పాలా అని కూడబలుక్కుంటూనే ఉన్నాను.

వెళ్ళేసరికి రఘు అక్కడే ఉన్నాడు. షాపులో దుమ్ముపనికి వేసుకునే చిల్లుల టీషర్టుతో అమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్ళు ముగ్గురూ చీటీలు పట్టుకుని వెళ్ళిపోతున్నారు.

"అత్తమ్మా, ఈ కొత్తదానికి టైము పట్టింపు జెర ఎక్కువ," అంటున్నాడు, అమ్మ మొహం చూడకుండా. "దాని టైము జోలికి మనం పోవద్దు. చీటీ ఏసే ప్రోగ్రాం ఒక్కటి నేను ముందుగాల్నే కొత్తగ రాసిపెట్టిన, ఇయ్యాల తెచ్చి ఎక్కించిన. చీటీమీద పడే టైముకు వేరే గడి ఉన్నది. రాహుకాలమయితే ఆ గడి ఎర్రగయి, రాహుకాలం రాకముందటి మంచి టైము అదే ఏసుకుంటది. మీరేం నొక్కుడు లేదు. ఏడు వారాలవి అన్ని పెట్టిన. ఒకపారి సరిచూసుకోండ్రి."

అమ్మ అతనికేసి చూసింది, నాకేసి చూసింది. నేను పైకప్పుకేసి చూశాను. నేను చెప్పలేదు, దేవుడిమీద ఒట్టు.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, పంచాంగం ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో వారమే వేలుపెట్టి చదవడం మొదలుపెట్టింది. ఆదివారం సరిపోయింది. సోమవారం, మంగళవారం, బుధవారం సరిపోయాయి. ఆ తర్వాత వేలు ఆగింది.

"గురువారం ఖాళీగా వదిలేశావేమిటయ్యా? ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా. మర్చిపోయావా?"

వదిలేశావు, మర్చిపోయావు. తొమ్మిదేళ్ళ 'మీరు' ఎక్కడ జారిపోయిందో ఆవిడ చూసుకోలేదు. రఘు చూశాడు. కాస్త తడబడ్డాడు కూడా.

"మర్శిపోలేదు అత్తమ్మా. ఆ టైముల నేను సంతకం పెట్టిన. నాకైతె ఏం కాలే." నావైపు తిరిగాడు. "నీకేమన్న అయిందా, విద్యా?"

"కాస్త లావయ్యాను," అన్నాను.

అమ్మ పంచాంగం మూసింది. నవ్విందో లేదో తెలియదు, అప్పటికే వంటింటివైపు తిరిగింది. కాసేపటికి కాఫీ వచ్చింది. మూడూ స్టీలు గ్లాసులే. రఘు గ్లాసు అందుకుని, వేడికి వేళ్ళు కాలుతున్నా కింద పెట్టకుండా తాగాడు. అలవాటు లేదు పాపం, అంచు పట్టుకోవాలని ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చేటప్పుడు స్కూటరు మీద అడిగాను. "నీకెప్పుడు తెలిసింది?"

"లాగ్ ఫైలు చూసిన్నాడే. టైము ఎనకకు నడుస్తున్నది అండ్ల. ఎనకకు నడిచినప్పుడల్ల కాపీ ఆగుతున్నది."

"మరి చెప్పలేదేం? నిన్ను చేతకానివాడంటున్నా ఊరుకున్నావు! హైదరాబాదు పోతానన్నావు!"

"ఎట్ల చెప్పాలె? మీ గడియారం ఆటలు బయటపడ్డయి అత్తమ్మా అని ముఖం మీద అందునా? పెద్దమనిషి, తల దించుకుంటది. మళ్ల జన్మల నా ముందటికి రాదు." స్కూటరు గుంత తప్పించాడు. "అందుకే గద నీకు వారాలతోని చెప్పిన, టైములతోని చెప్పిన. నువ్వేమో చాన లేటుగ పట్టుకున్నవు. బీయస్సీ అంటవు మళ్ల."

నేను వెనకనుంచి అతని వీపుమీద ఒకటి చరిచాను, చిల్లు ఉన్నచోట చూసి మరీ.

ఆ తర్వాత కాలేజీవాళ్ళు పిలిచారు, స్కానింగు సెంటరువాళ్ళు పిలిచారు. అక్కడా నీలంరంగులూ ఎర్రగీతలూ వచ్చాయి గానీ, అవన్నీ మామూలు రోగాలే, రఘుకి తెలిసినవే. సహస్రకి బసంత్‌నగర్ సంబంధం కుదిరింది. అత్తమ్మ నా పచ్చిపులుసులో ఉప్పు తక్కువని మొన్న కూడా చెప్పి వెళ్ళింది.

గురువారం గడిని అమ్మ నింపలేదు. అది ఖాళీగానే ఉంది. ఇప్పుడు ఖనిలో గురువారం మధ్యాహ్నమంటే అమ్మ గుమ్మంలో చెప్పులకి చోటుండదు. ఎవరైనా అనుమానంగా, ఇది రాహుకాలం కాదా అమ్మా అని అడిగితే, కళ్ళజోడు పైనుంచి చూసి, "గురువారానికి లేదు నాయనా. మా అల్లుడు తీసేశాడు," అంటుంది.